బండిని కొండెక్కించిన మనిషి

మన ఇళ్ళలో దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కింది అంటారు. పోయినేడాది బాహా పోటీలో మా బగ్గీ కొండ ఎక్కలేదు. మా ఆశలు మాత్రం అక్కడే కొండెక్కాయి.

మెకానికల్ వాళ్ళకి ఈ కథ తెలిసిందే. మిగతా బ్రాంచీల వాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నాను. బాహా అంటే విద్యార్థులు సొంతంగా తయారు చేసుకున్న ఒంటి సీటు బగ్గీలతో జరిగే పోటీ. అందరికీ ఒకటే ఇంజన్: 305 సీసీ, 10 హెచ్‌పీ. దాని లోపల చెయ్యి పెట్టకూడదని రూలు. బోర్ పెంచడం, కార్బురేటర్ మార్చడం, గవర్నర్‌ని ఏమార్చడం, ఏదీ కుదరదు. ఆ పది గుర్రాలతోనే బురదలో ఈదాలి, రాళ్ళ మీద గెంతాలి, గుట్ట ఎక్కాలి.

మా బండి గుట్టలో మూడింట రెండు వంతులు ఎక్కింది. అక్కడ ఇంజన్ అరుస్తూనే ఉంది, చక్రాలు మాత్రం ఆగిపోయాయి. సీవీటీ బెల్టు జారి, కాలిన రబ్బరు వాసన కింద నిలబడ్డ మా దాకా వచ్చింది. సీట్లో ఉన్న మా జూనియర్ బ్రేకు మీద నిలబడి బండి వెనక్కి దొర్లకుండా ఆపాడు. తాడు కట్టి దించాల్సి వచ్చింది. కిందకి వచ్చాక వాడు హెల్మెట్ తీసి అందరికీ సారీ చెప్పాడు.

అది వాడు చెప్పాల్సిన సారీ కాదు. గేర్ రేషియో ఎంచుకున్నది నేను. పోటీకి రెండు నెలల ముందే వాడు నోట్‌బుక్కులో లెక్క వేసి, ఈ రేషియోతో గుట్ట ఎక్కడం కష్టం అన్నా అని నాకు చూపించాడు. నేను సరిగ్గా చూడను కూడా లేదు. మా పోస్టర్ మీద టాప్ స్పీడ్ అరవై దాటాలన్నది నా పట్టుదల. వాడి లెక్క ఒప్పుకుంటే ఆ అంకె యాభైకి పడిపోతుంది.

తిరిగొచ్చాక ఆటోమొబైల్ ల్యాబ్ సారు తిట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి కూబెల్‌వాగన్ అనే బండి వెనక చక్రం దగ్గర ఏముందో చూసి రమ్మన్నారంతే. చూశాను. అక్కణ్ణుంచి దాన్ని తయారు చేసిన మనిషి దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు మన హాస్టల్ గోడల మీద పోస్టర్లలో రోజూ చూస్తూనే ఉంటాం. మనిషి గురించి మాత్రం మనకేమీ తెలీదు. ఫెర్డినాండ్ పోర్షే.

రేకుల పనివాడి కొడుకు

1875 సెప్టెంబరు 3న పోర్షే పుట్టాడు. ఊరు మాఫెర్స్‌డోర్ఫ్. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియా, ఇప్పుడు చెక్ రిపబ్లిక్. తండ్రి ఆంటోన్ రేకుల పని చేసేవాడు, సొంత వర్క్‌షాప్ ఉండేది. పెద్దకొడుకు పని ప్రమాదంలో చనిపోవడంతో ఆ షాపు ఫెర్డినాండ్ చూసుకోవాలని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. పిల్లాడి బుద్ధి మాత్రం రేకుల మీద లేదు, కరెంటు మీద ఉంది.

ఆ ఊళ్ళో ఒక పెద్ద తివాచీల ఫ్యాక్టరీ ఉండేది. చుట్టుపక్కల ముందుగా విద్యుత్తు దీపాలు వెలిగింది అక్కడే. కుర్రాడు ఆ ఫ్యాక్టరీ చుట్టూ తిరిగేవాడు. పగలు తండ్రి దగ్గర పని, రాత్రి పక్క పట్నం రైఖెన్‌బర్గ్‌లో టెక్నికల్ స్కూల్లో సాయంకాలపు క్లాసులు. పద్దెనిమిదేళ్ళకల్లా తన ఇంట్లో తనే విద్యుత్తు దీపాలు పెట్టేశాడు. ఇక ఆ తండ్రికీ అర్థమైపోయింది, వీడు రేకులు కొట్టే రకం కాదని.

1893లో వియన్నా వెళ్ళి బేలా ఎగ్గర్ అనే విద్యుత్ యంత్రాల కంపెనీలో చేరాడు. పని అయ్యాక అక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి పోయి, ఎన్‌రోల్ కాకుండానే వెనక బెంచీల్లో కూర్చుని పాఠాలు వినేవాడట. అటెండెన్స్ 75 శాతం కోసం తిప్పలు పడే మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది. పోర్షేకి జీవితాంతం చదివి తెచ్చుకున్న ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. ఆయన పేరు ముందు కనిపించే డాక్టర్ అనేది గౌరవార్థం ఇచ్చినది. 1917లో దాన్ని ఇచ్చింది ఎవరో కాదు, తను దొంగచాటుగా పాఠాలు విన్న అదే వియన్నా యూనివర్సిటీ.

మోటారును చక్రంలో పెట్టినవాడు

వియన్నాలో రాజకుటుంబాలకు గుర్రపు బగ్గీలు చేసే పాత కంపెనీ లోనర్. గుర్రాల కాలం అయిపోతోందని ఆ యజమాని ముందే పసిగట్టాడు. పోర్షేని తెచ్చుకుని విద్యుత్ బండి చేయమన్నాడు.

అప్పటి బండ్లన్నిటికీ ఒకటే జబ్బు. ఇంజన్ ఒకచోట, చక్రం ఇంకోచోట. మధ్యలో గొలుసులు, బెల్టులు, గేర్లు. శక్తిలో కొంత దారిలోనే పోయేది. పోర్షే ఆ దారినే తీసేశాడు. మోటారును తీసుకెళ్ళి ముందు చక్రాల హబ్‌లోనే బిగించాడు. గొలుసు లేదు, గేరు లేదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆ బండిని పెడితే జనం ఎగబడి చూశారు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు.

అదే ఏడాది సెప్టెంబరులో ఆ బండిని సెమ్మరింగ్ కనుమకు తీసుకెళ్ళాడు. వియన్నాకు దక్షిణాన ఆల్ప్స్ పర్వతాల్లో ఉంటుంది ఆ కనుమ. అక్కడి ఘాట్ రోడ్డు మీద 10 కిలోమీటర్ల దూరాన్ని 15 నిమిషాల లోపే ఎక్కేసి రికార్డు కొట్టాడు. స్టీరింగ్ పట్టింది ఆయనే. తన బండిని తనే తోలి చూడటం ఆ తర్వాత కూడా మానలేదు. కొడుకు ఫెర్రీ పుట్టిన రోజున, అంటే 1909 సెప్టెంబరు 19న కూడా, ఆయన ఆ సెమ్మరింగ్ రేసులోనే ఉన్నాడు.

విద్యుత్ బండికి గుదిబండ బ్యాటరీ. సీసం బ్యాటరీలు వందల కిలోల బరువు. ఒక ఇంగ్లీషు కస్టమర్ నాలుగు చక్రాల్లోనూ మోటార్లు కావాలని అడిగితే చేసిన బండిలో బ్యాటరీయే 1,800 కిలోలు. శక్తిలో ఎక్కువ భాగం బ్యాటరీని మోయడానికే సరిపోయేది. కొండ ఎక్కే బండికి అసలు శత్రువు బరువేనని పోర్షే అక్కడ నేర్చుకున్నాడు. బ్యాటరీ తగ్గించి, ఒక పెట్రోల్ ఇంజన్ పెట్టి, దానితో జనరేటర్ తిప్పి, ఆ కరెంటు చక్రాల మోటార్లకిచ్చాడు. మనం ఇవాళ హైబ్రిడ్ అని గొప్పగా చెప్పుకునే దాని తొలి రూపాల్లో అదొకటి. 1902లో వియన్నా దగ్గర ఎక్సెల్‌బర్గ్ కొండ పందెంలో ఆ రకం బండితో తన క్లాసులో గెలిచాడు కూడా.

ఇంకో మాట. 1971లో చంద్రుడి మీద వ్యోమగాములు తోలిన బగ్గీలోనూ నాలుగు చక్రాలకీ నాలుగు మోటార్లు ఉన్నాయి.

ఉద్యోగాలు నిలవని మనిషి

1906లో ఆస్ట్రో-డైమ్లర్ కంపెనీకి చీఫ్ డిజైనర్ అయ్యాడు. 1910లో ప్రిన్స్ హైన్‌రిఖ్ పోటీలో తన బండి తనే తోలి గెలిచాడు. మొదటి మూడు స్థానాలూ ఆ కంపెనీవే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి పెట్రోల్-ఎలక్ట్రిక్ రోడ్డు రైళ్ళు చేశాడు. భారీ ఫిరంగులను కొండ దారుల్లో లాగే బండ్లు అవి. ముందు బండిలో ఇంజనూ జనరేటరూ ఉంటే, వెనక ట్రైలర్ల చక్రాల్లో మోటార్లు ఉండేవి. ట్రైలర్ తన బరువును తనే తోసుకునేదన్నమాట.

1923లో స్టుట్‌గార్ట్ వెళ్ళి డైమ్లర్‌లో టెక్నికల్ డైరెక్టర్ అయ్యాడు. సూపర్‌చార్జర్ ఉన్న పెద్ద మెర్సిడెస్ బండ్లు అక్కడే చేశాడు. ఎక్కడికెళ్ళినా కథ ఒకటే. అద్భుతమైన బండి చేస్తాడు, బడ్జెట్ దాటేస్తాడు, డైరెక్టర్లతో గొడవ, బయటికి నడక. ముక్కు మీద కోపం. చివరికి 1931లో స్టుట్‌గార్ట్‌లో సొంత డిజైన్ ఆఫీసు పెట్టాడు. ఫ్యాక్టరీ లేదు, డ్రాయింగ్ బల్లలే ఆస్తి.

ఆ ఏడాదే టోర్షన్ బార్ సస్పెన్షన్‌కి పేటెంట్ పెట్టాడు. స్ప్రింగు చుట్టలకు బదులు ఒక ఉక్కు కడ్డీ. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలి తిరుగుతుంది, వదిలితే తిరిగి నిలబడుతుంది. తక్కువ చోటు, తక్కువ బరువు. ప్రపంచంలో బగ్గీలు తయారు చేసేవాళ్ళు దశాబ్దాల పాటు ఆ కడ్డీల మీదే ఎగిరారు.

తర్వాత ఆటో యూనియన్ కంపెనీకి 16 సిలిండర్ల రేసు కారు. ఇంజన్ డ్రైవర్ వెనకాల. కొండ పందేల కోసం చేసిన రకానికి వెనక జంట చక్రాలు తగిలించేవాళ్ళు, అంత బలం నేల మీద నిలవడానికి. బలం ఉంటే చాలదు, దాన్ని నేల పట్టుకోవాలి కదా.

1934లో హిట్లర్ ప్రభుత్వపు ప్రజల కారు పథకం పోర్షే చేతికొచ్చింది. అదే తర్వాత బీటిల్ అయింది. గుండ్రటి ఒళ్ళు, వెనకాల గాలితో చల్లబడే ఇంజన్. ఆలోచన అంతా ఆయన ఒక్కడిదే కాదు. చెక్ కంపెనీ టాట్రా బండ్ల పోలికలు అందులో చాలా ఉన్నాయి. యుద్ధం అయిన చాలా ఏళ్ళకి వోక్స్‌వ్యాగన్ ఆ కంపెనీకి పరిహారం కట్టింది.

నాలుగు కిలోమీటర్ల వేగం

ఇప్పుడు సారు చూసి రమ్మన్న చక్రం దగ్గరికి వద్దాం.

సైన్యం ఆ చిన్న కారును ఫీల్డ్ బండిగా మార్చమంది. చేశారు. పరీక్షల్లో ఒక వింత ఫిర్యాదు వచ్చింది. బండి మరీ వేగంగా పోతోందట. వీపున బరువులు మోస్తూ నడిచే సైనికుల పక్కన, గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో, ఇంజన్ ఆగకుండా పాకాలి. ఇది కార్ గేర్లతో ఉన్న బండి. అంత నెమ్మదిగా పోలేదు. పైగా నేలకి దగ్గరగా ఉండి రాళ్ళకి తగులుతోంది.

చిన్న ఇంజన్, 985 సీసీ, 24 హెచ్‌పీకి కూడా కాస్త తక్కువే. పెద్ద ఇంజన్ పెడితే బరువు, ఖర్చు పెరుగుతాయి. పోర్షే ఆఫీసు వాళ్ళు ఇంజన్ జోలికి పోలేదు. వెనక ఇరుసు చివర, చక్రం దగ్గర, ఒక చిన్న పెట్టె బిగించారు. అందులో రెండు గేర్లు. ఇరుసుతో తిరిగే చిన్న గేరు పైన, చక్రాన్ని తిప్పే పెద్ద గేరు కింద. దాన్నే పోర్టల్ హబ్ అంటాం. రేషియో సుమారు 1.4. ఒకే దెబ్బకి రెండు పిట్టలు. చక్రం నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగింది. ఇరుసు చక్రం నడిమికంటే పైకి వెళ్ళింది కాబట్టి బండి ఎత్తూ పెరిగింది.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. బలాన్ని పెంచే పని చిట్టచివర, చక్రం దగ్గర జరుగుతోంది. కాబట్టి ముందున్న గేర్‌బాక్సు, ఇరుసులు ఆ అదనపు భారం మోయక్కర్లేదు, వాటిని లావు చేయక్కర్లేదు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతూ రెండోది ఆగిపోకుండా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టారు. బండి బరువు 725 కిలోల లోపు. నాలుగు చక్రాలకి డ్రైవ్ లేదు, అయినా ఇసుకలో, మంచులో, గుట్టల్లో తిరిగింది. 1943లో ఇంజన్‌ని 1,131 సీసీకి పెంచారు కానీ, అప్పటికే ఆ గేర్లు తమ పని చేసేశాయి.

ఇది చదివాక నోట్‌బుక్కు కోసం జూనియర్ రూముకి వెళ్ళాను. వాడు ఏమీ అనకుండా ఇచ్చాడు. లెక్క ఇదీ.

బండి 180 కిలోలు, డ్రైవరు 65. మొత్తం 245. వాలు 25 డిగ్రీలు. వాలు మీద కిందకి లాగే బలం 1,016 న్యూటన్లు. మట్టి, టైర్ల రాపిడికి ఇంకో 109. చక్రం వ్యాసార్ధం 0.28 మీటర్లు. అంటే చక్రాల దగ్గర కావాల్సిన టార్క్ 315 న్యూటన్ మీటర్లు. మన ఇంజన్ ఇచ్చేది సుమారు 19. సీవీటీ లో రేషియో 3, గేర్‌బాక్సు 7, కలిపి 21. దారిలో పోయేది పోగా 75 శాతం మిగిలిందనుకుంటే 299. కావాల్సింది 315, ఉన్నది 299. ఆ 16 తేడాయే ఆ రోజు మా వాణ్ణి గుట్ట మధ్యలో నిలబెట్టింది.

పోర్టల్ హబ్బులు చేసేంత డబ్బూ టైమూ మాకు లేవు. నీతి ఒకటే కాబట్టి గేర్‌బాక్సులో మార్చుదామనుకున్నాం. అందులో రెండు జతలున్నాయి. మొదటిది 24, 60 పళ్ళు. రెండోది 20, 56. మొదటి జతని 20, 64గా మారిస్తే మొత్తం పళ్ళు అదే 84. షాఫ్టుల మధ్య దూరం మారదు, కాబట్టి కేసింగ్ పారేయక్కర్లేదు. పెద్ద గేరు చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు లావవుతుంది, అంత జాగా ఉందా అని కొలిచి చూస్తే బొటాబొటీగా సరిపోయింది. గేర్‌బాక్సు రేషియో 7 నుంచి దాదాపు 9కి వచ్చింది. చక్రాల దగ్గర 299 కాస్తా 383 అయింది.

ఊరికే రాలేదు. టాప్ స్పీడ్ కాగితం మీద 63 నుంచి 49కి పడింది. మా గేర్లు చక్రం దగ్గర కాకుండా ముందే ఉన్నాయి కాబట్టి హాఫ్ షాఫ్టుల మీద మెలి 28 శాతం పెరిగింది. వాటిని మళ్ళీ లెక్కేసి, ఒక సైజు లావు చేశాం. కొత్త గేర్లు ఈఎన్ 353 ఉక్కుతో విజయవాడ ఆటోనగర్‌లో కోయించాం. అక్కడి మేస్త్రీ డ్రాయింగ్ చూసి, కేస్ హార్డెనింగ్ చేయించకుండా బిగించారో పళ్ళు రాలతాయి బాబూ అని హెచ్చరించాడు. చేయించాం. ఆ మేస్త్రీకీ డిగ్రీ లేదు.

నేను చదవకుండా వదిలేసిన పేజీలు

ఆ ఉత్సాహంలో నేనో పని చేశాను. బగ్గీకి ఫెర్డినాండ్ అని పేరు పెడదామని టీమ్‌ని ఒప్పించి, ఎర్ర అక్షరాలతో స్టిక్కర్ కూడా కొట్టించాను. అప్పటికి ఆయన జీవితంలో నేను చదివింది బండ్ల గురించే. మిగతా పేజీలు ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు చదివాను.

పోర్షే ఆఫీసు పెట్టినప్పుడు వాటాదారుల్లో ఒకడు ఆడోల్ఫ్ రోజెన్‌బెర్గర్. రేసు డ్రైవరు, కష్టకాలంలో ఆఫీసుకి డబ్బు సర్దినవాడు. యూదుడు. 1935లో ఆయన వాటాని అసలు విలువ కంటే చాలా తక్కువకి రాయించుకున్నారు. అదే ఏడాది ఆయన్ని అరెస్టు చేసి శిబిరంలో పెట్టారు. తర్వాత దేశం వదిలి అమెరికా చేరాడు. 1937లో పోర్షే నాజీ పార్టీ సభ్యుడయ్యాడు.

ప్రజల కారు కోసం వారం వారం స్టాంపులు కొని డబ్బు దాచినవాళ్ళు 3 లక్షల 36 వేల మంది. ఆ పాలనలో వాళ్ళలో ఒక్కరికీ కారు అందలేదు. వాళ్ళ కోసమని కట్టిన ఫ్యాక్టరీ యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీ అయిపోయింది. నేను మురిసిపోయిన కూబెల్‌వాగన్లు సుమారు 50 వేలు తయారైంది అక్కడే. వాటిని చేసిన చేతుల్లో చాలా చేతులు జీతానికి వచ్చినవి కావు. యుద్ధకాలంలో దాదాపు 20 వేల మందితో అక్కడ బలవంతంగా పని చేయించారు. పోలండ్, సోవియట్ దేశాల నుంచి తెచ్చినవాళ్ళు, యుద్ధ ఖైదీలు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. 1942లో ఫ్యాక్టరీ స్థలంలోనే ఒక నిర్బంధ శిబిరం నడిచింది. పని చేసే ఆడవాళ్ళకి పుట్టిన పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి ఒక గృహంలో ఉంచారు. తిండీ వైద్యం లేక మూడు వందల మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. ఆ ఫ్యాక్టరీని నడిపింది పోర్షే, ఆయన అల్లుడు ఆంటోన్ పియఖ్.

స్టిక్కర్ సంగతి. టైగర్ ట్యాంకు కోసం పోర్షే తన పాత పెట్రోల్-ఎలక్ట్రిక్ పద్ధతినే పెట్టాడు. 1942లో పోటీ కంపెనీ డిజైన్‌ని ఎంచుకున్నారు. అప్పటికే ఆర్డరు మీద సుమారు 90 ఒళ్ళు తయారై ఉన్నాయి. వాటి మీద పెద్ద తుపాకీ బిగించి, 65 టన్నుల యంత్రాలుగా మార్చి, 1943లో కుర్స్క్ యుద్ధానికి పంపారు. వాటికి ఆయన గౌరవార్థం పెట్టిన పేరు ఫెర్డినాండ్. నేను ఎర్ర అక్షరాలతో కొట్టించింది సరిగ్గా అదే.

ఇరవై నాలుగేళ్ళ వయసులో బండిలో ప్రతి కిలో బరువు గురించి బాధపడ్డ మనిషి, ఆ యుద్ధంలోనే మౌస్ అనే 188 టన్నుల ట్యాంకు కూడా గీశాడు. అడిగినవాడు ఎవరైనా, అడిగింది ఏదైనా, ఎలా కదిలించాలి అన్నదే ఆయన ప్రశ్న. దేనికోసం, ఎవరి వీపు మీద అన్న ప్రశ్న ఆయన వేసుకున్నట్టు నాకు ఎక్కడా కనిపించలేదు.

చివరి రోజులు

యుద్ధం అయ్యాక 1945 డిసెంబరులో ఫ్రెంచి వాళ్ళు ఆయన్ని, కొడుకు ఫెర్రీని, అల్లుణ్ణి అరెస్టు చేశారు. ఫెర్రీ ముందే బయటపడ్డాడు. పెద్దాయన డిజోన్ జైల్లో మగ్గాడు, ఆరోగ్యం పాడైంది. ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్ళో ఉన్న ఆఫీసుకి చిసిటాలియా అనే ఇటలీ కంపెనీ రేసు కారు డిజైన్ పని ఇచ్చింది. ఆ డబ్బుతో జామీను కట్టి 1947 ఆగస్టులో ఆయన్ని విడిపించుకున్నారు. ఆ తర్వాత ఫ్రెంచి కోర్టు ఆ కేసులో ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. ఫ్యాక్టరీలో బలవంతపు చాకిరీ గురించి మాత్రం ఏ కోర్టూ ఆయన్ని నిలబెట్టి అడగలేదు.

1948లో ఆ గ్ముండ్‌లోనే, బీటిల్ భాగాలతో, పోర్షే పేరుతో మొదటి స్పోర్ట్స్ కారు 356 వచ్చింది. 1950 చివర్లో ఆయన వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళి, తను గీసిన చిన్న కార్లు ఫ్యాక్టరీ నుంచి వరసగా బయటికి రావడం చూశాడు. కొద్ది రోజులకే పక్షవాతం. 1951 జనవరి 30న స్టుట్‌గార్ట్‌లో కన్నుమూశాడు.

మిగిలిన కథ

ఆయన పోయాక ఆ యంత్రం ఎక్కడికి వెళ్ళిందో చూడండి. పోర్టల్ హబ్బుల ఆలోచన వోక్స్‌వ్యాగన్ వ్యాన్లలోకి వచ్చి 1967 దాకా కూరగాయలనీ కుటుంబాలనీ మోసింది. 1964లో కాలిఫోర్నియాలో పడవలు కట్టే బ్రూస్ మేయర్స్ బీటిల్ భాగాలకు ఫైబర్ ఒళ్ళు తొడిగి, ఇసుక దిబ్బల మీద ఎగిరే బగ్గీ చేశాడు. 1967లో ఇద్దరు మనుషులు దానితో మెక్సికోలోని బాహా ద్వీపకల్పం మొత్తం 35 గంటల లోపు దాటేశారు. అదే ఏడాది ఆ ఎడారి దారిలో పెద్ద రేసు మొదలైంది. మన పోటీకి బాహా అనే పేరు అక్కడిదే. అంటే మా బగ్గీ వంశవృక్షంలో ఆ ఫ్యాక్టరీ ఉంది. దాన్ని నేను చెరిపెయ్యలేను. ఆ గేర్ల లెక్క తప్పు అనలేను, దాన్ని వాడుకున్నాను కూడా. కానీ ఒక మనిషి దగ్గర విద్య నేర్చుకోవడం వేరు, ఆయన పేరు నెత్తిన పెట్టుకోవడం వేరు. టీమ్‌తో ఈ మాట చెప్పాను. కొంతమంది మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావన్నారు. రెండు గంటలు వాదించుకున్నాం. చివరికి స్టిక్కర్ డబ్బాలోకి పోయింది. బండి మీద ఇప్పుడు నంబరే ఉంది.

పోయిన నెల కాలేజీ వెనక గుట్ట దగ్గర టెస్ట్ పెట్టాం. వాలు కొలిస్తే 25కి కొంచెం ఎక్కువే వచ్చింది. సీట్లో మళ్ళీ అదే జూనియర్. ఈసారి వాడు ఎక్కే ముందు వాడికి నేను చెప్పాల్సిన సారీ అందరి ముందూ చెప్పాను. వాడు సిగ్గుపడి హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

బండి మెల్లగా కదిలింది. పోయినసారి ఆగినంత ఎత్తు దగ్గర నా గుండె ఆగింది గానీ బండి ఆగలేదు. పైకి వెళ్ళి ఒక తుమ్మ చెట్టు పక్కన నిలబడింది. బెల్టు వాసన రాలేదు.

డిజైన్ రిపోర్టులో గేర్ల అధ్యాయం మీద ఈసారి వాడి పేరే ఉంటుంది. టాప్ స్పీడ్ 49 అని పోస్టర్ మీద నేనే రాశాను. కిందకి దిగొచ్చాక వాడన్న మొదటి మాట వెనక బ్రేకు వేడెక్కుతోందని. నేను నోట్‌బుక్కు తీసి రాసుకున్నాను.